ఏడో నంబరు మంచం మీది దొరగారు

మా ఊరి ఛాతీ ఆసుపత్రికి సెన్సర్లు రాకముందు మేము చాలా అజ్ఞానంలో బతికాం. వార్డులో ఫ్యాను తిరుగుతోందో లేదో తెలియాలంటే తలెత్తి చూసేవాళ్ళం. మంచం మీద రోగి ఉన్నాడో లేడో తెలియాలంటే మంచం వైపు చూసేవాళ్ళం. గాలి బాగుందో లేదో తెలియాలంటే కాస్త పీల్చి చూసేవాళ్ళం. నేను అక్కడ ఫార్మాసిస్టుని. రోగులు మాత్రం నన్ను కాంపౌండరయ్యా అనే పిలుస్తారు. వాళ్ళకి ఆ పేరుతోనే మందు పనిచేస్తుంది, నేనెప్పుడూ దిద్దలేదు.

అలాంటి రోజుల్లో రాజధాని నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఇక మీదట ఆసుపత్రిలోని ప్రతి వస్తువూ తన సంగతి తానే పైకి చెప్పుకుంటుందని దాని సారాంశం. చొక్కా బొత్తామంత సెన్సరు, బీడీ కట్టకన్నా చవక. గోడకి అంటిస్తే చాలు, గాలి సంగతి, చప్పుడు సంగతి, మంచం మీది బరువు సంగతి ఎప్పటికప్పుడు రాజధానిలోని తెరకి పంపిస్తుంది. ఒక వస్తువు ఖరీదైతే ఎందుకు కొనాలని అడుగుతారు. చవకైతే ఇంకా ఎక్కడ పెట్టలేదని అడుగుతారు. మా వాళ్ళు రెండో ప్రశ్నే అడిగారు. నెల తిరక్కుండా వార్డు గోడలకి, కిటికీలకి, మంచాలకి, చివరికి చేతులు కడుక్కునే సబ్బు పెట్టెకి కూడా అవి మొలిచాయి.

ఈ పథకానికి మా జిల్లాలో నోడల్ ఆఫీసరు త్రివిక్రమ్ గారు. ఇస్త్రీ మడత నలగని మనిషి, మాట కూడా అలాగే ఉంటుంది. సూపరింటెండెంటు డాక్టర్ హయగ్రీవరావు గారి గదిలో గోడంత టీవీ బిగించి, స్టాఫునంతా పిలిచి, దాని ముందు నిలబడి ఒక మాట చెప్పాడు.

"తెర మీద కనపడనిది జరగనట్టుగా పరిగణించబడుతుంది. తెర మీద కనపడినది జరిగినట్టుగా పరిగణించబడుతుంది. ఈ విషయంలో కంటితో చూసిన సాక్ష్యం చెల్లదు."

అంతా సవ్యంగా ఉంటే తెర పచ్చగా ఉంటుందట. తేడా వస్తే ఎర్రబడి, గంట మోగుతుందట. ఏది సవ్యమో దానికెలా తెలుస్తుందని మా సిస్టర్ ఎస్తేరు అడిగింది. ఇరవై ఏళ్ళుగా ఆ వార్డుని తన ఇల్లులా చూసుకుంటున్న మనిషి, ఆమెకి అలాంటి సందేహాలే వస్తాయి. కంపెనీ ఇంజనీరు వివరంగా చెప్పాడు. ఆన్ చేసిన మొదటి రోజు వార్డు ఎలా ఉందో సెన్సర్లు నేర్చుకుంటాయి. ఆ తర్వాత రోజూ దానితో పోల్చుకుంటాయి. అందుకని మామూలు రోజు చూసి, ఎవరికీ చెప్పకుండా ఆన్ చేసెయ్యడం మంచిదన్నాడు.

ఎవరికీ చెప్పకుండానా. సూపరింటెండెంటు గారు కుర్చీలోంచి సగం లేచారు. మా ఆసుపత్రిలో కొత్త స్ట్రెచరు వస్తే దానికి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టందే రోగిని ఎక్కించం. రోగి ఈలోగా కింద కూర్చుంటాడు. అలాంటిది రాజధానితో మాట్లాడే యంత్రాలని ముహూర్తం లేకుండా మొదలుపెట్టడమా. పురోహితుణ్ణి పిలిపించారు, దశమి పొద్దున దివ్యంగా ఉందన్నాడు, మంత్రిగారి ఆఫీసు కూడా దశమినాడు దివ్యంగానే ఖాళీగా ఉంది.

దశమినాడు మా ఛాతీ వార్డుని చూసి తీరాలి. అతిథులు నిలబడ్డానికి చోటు కావాలని రోగులందరినీ చాపలతో సహా వరండాలోకి మార్చారు. మంచాల మీద కొత్త దుప్పట్లు పరిచి, వాటి మీద ఎవరూ కూర్చోకుండా కాపలా పెట్టారు. వార్డు నడిమధ్య ఇటుకలు పేర్చి హోమం మొదలుపెట్టారు. మంటకి గాలి తగలకూడదని కిటికీలన్నీ మూసేశారు. ఒక మూల సన్నాయి, డోలు. ఒక మూల సాంబ్రాణి. పొగలో మంత్రిగారి ముఖం సరిగా కనపడలేదు గానీ ఆయన ప్రసంగం బాగా వినపడింది. ఊపిరి జాతికి ఆధారమని ఆయన దగ్గుతూ సెలవిచ్చి, బటన్ నొక్కి, శిలాఫలకం మీది పరదా లాగి వెళ్ళారు. హోమం సాయంత్రం దాకా సాగింది. గోడల మీది బొత్తాలు శ్రద్ధగా నేర్చుకున్నాయి.

వరండాలో మాలకొండయ్య చాప మీద కూర్చుని, రెండు చేతులూ నేలకి ఆనించి, గాలిని తోడుకుంటున్నట్టు లోపలికి లాక్కుంటున్నాడు. పలకల కార్ఖానాలో రాతి పలకలు కోసి కోసి ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో దాచుకున్న మనిషి. అతనిది ఏడో నంబరు మంచం. ఆక్సిజన్ గొట్టాలు మంచాల తలాపున గోడలోనే ఉన్నాయి, వరండాలోకి రావు. అతని భార్య చెంచమ్మ నన్ను చూసి, మళ్ళీ మంచం ఎప్పుడిస్తారని అడిగింది. సాయంత్రానికల్లా అన్నాను. నాకు తెలిసినంతలో అది నిజమే.

సాయంత్రం రోగుల్ని మంచాల మీదికి చేర్చాం. ఎస్తేరమ్మ కిటికీలన్నీ తెరిచి, బూడిద ఎత్తించి, నేల కడిగించింది. వార్డు వార్డులా అయింది. మర్నాడు పొద్దున సూపరింటెండెంటు గారి గదిలో గంట మోగింది. తెర చివరినుంచి చివరిదాకా ఎర్రగా ఉంది. గాలిలో అసాధారణ మార్పు. అసాధారణ నిశ్శబ్దం. మంచాల మీద గుర్తుతెలియని బరువులు.

త్రివిక్రమ్ గారు కారులో ఎగిరొచ్చాడు. ఇంజనీరు అన్నీ పరీక్షించి, సెన్సర్లు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయని తేల్చాడు. వాటికి తెలిసిన ఛాతీ ఆసుపత్రిలో పొగ ఉంటుంది, సన్నాయి ఉంటుంది, ప్రసంగం ఉంటుంది, రోగులు ఉండరు. ఇప్పుడేమో పొగ పోయింది, రోగులొచ్చి పడ్డారు. అవి కంగారు పడటంలో తప్పేముంది. అదే బటన్ ఇంకోసారి నొక్కితే కొత్తగా నేర్చుకుంటాయని ఇంజనీరు చెయ్యి చాపాడు. త్రివిక్రమ్ గారు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆ బటన్ నొక్కింది గౌరవనీయ మంత్రివర్యులు. అది శిలాఫలకంపై చెక్కబడి ఉంది. మరొకరు దాన్ని నొక్కిన పక్షంలో మొదటి నొక్కుడు చెల్లలేదనే అర్థం స్ఫురిస్తుంది. ఆ అర్థానికి బాధ్యత ఎవరు వహిస్తారు?"

ఎవరూ వహించలేదు. మంత్రిగారి చేతే ఇంకోసారి నొక్కించవచ్చు గదా అని నేను నోరు జారాను. ప్రారంభించినదాన్ని మళ్ళీ ప్రారంభించమని మంత్రిగారికి ఏ ఫైలులో రాస్తావని అడిగారు. నేను మందుల గదిలోకి వెళ్ళిపోయాను. సమావేశం కొనసాగింది. తెర మారదు కనక వార్డే మారాలని అందరూ ఒక మాట మీదికి వచ్చారు.

మర్నాటి నుంచి మందుల ఇండెంటులో కర్పూరం, సాంబ్రాణి, ఆవునెయ్యి చేరాయి. శ్వాసకోశ అత్యవసర సామగ్రి అనే పద్దు కింద రాయమన్నారు, రాశాను. పురోహితుడికి నైటు డ్యూటీ వేస్తే ఒప్పుకోలేదు. అప్పుడు బజారులో దుకాణం దుకాణానికీ తిరిగి సాంబ్రాణి పొగ వేసే సైదా సాయిబుని పిలిపించి, వాతావరణ సహాయకుడు అనే హోదాలో నియమించారు. ఆ పెద్దమనిషి వార్డు గుమ్మంలో ఆగి, ఇది దగ్గు రోగుల గది కదా అని నన్ను అడిగాడు. అవునన్నాను. పొగ లోపలికా బయటికా అని అడిగాడు. లోపలికే అన్నాను. నెమలీకల కట్టతో నా తల మీద మెల్లగా ఒకటి తట్టి, దువా చేసి లోపలికి వెళ్ళాడు.

సన్నాయికి క్యాసెట్టు దొరికింది. ప్రసంగానికే ఇబ్బంది వచ్చింది. మంత్రిగారు మాట్లాడిన వేళకి వార్డు మూగగా ఉంటే తెర ఎర్రబడుతోంది. అందుకని రోజూ ఆ వేళకి సూపరింటెండెంటు గారే వెళ్ళి, ఖాళీ మంచాల మధ్య నిలబడి, మంత్రిగారి ప్రసంగాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివేవారు. చప్పట్లు పడిన చోట ఆగేవారు, అటెండర్లు కొట్టేవారు. ఊపిరి జాతికి ఆధారం అన్న వాక్యం దగ్గర మంత్రిగారు దగ్గారు కాబట్టి ఈయనా దగ్గాలి. మొదట్లో కావాలని దగ్గేవారు. వారం తిరిగేసరికి ఆ కష్టం తప్పింది.

రోగులు మాత్రం వరండాలోనే ఉండిపోయారు. మంచం మీద మనిషి పడుకుంటే గుర్తుతెలియని బరువు. మంచం కింద పడుకోబెట్టి చూశాం, దగ్గుకి మంచం కదిలి గంట మోగింది. నిజం చెప్పొద్దూ, వరండాలో కొందరికి నయమే అయింది. ఎదురుగా వేపచెట్లు, పొద్దున పూట చల్లటి గాలి, గోడకి ఒక్క బొత్తాం లేదు. మాలకొండయ్యకే నయం కాలేదు. అతనికి గాలి ఒక్కటీ చాలదు. ఉన్న ఒక్క చిన్న సిలిండరుని ఎస్తేరమ్మ అందరికీ వంతులేసి పెడుతోంది. వంతు అయిపోయాక మాలకొండయ్య పెదాలు నేరేడు పండు తిన్నట్టు నల్లబడేవి. అది చూసినప్పుడల్లా నాకు ఆ టీవీని పగలగొట్టాలనిపించేది. పగలగొడితే, టీవీ పగలనట్టుగా పరిగణిస్తారేమోనని ఊరుకున్నాను.

చెంచమ్మ ఒకరోజు సూపరింటెండెంటు గారికి అడ్డం పడింది. ఏడో నంబరు మంచం ఖాళీగానే ఉంది కదా, దాని తలాపున ఆక్సిజన్ ఉంది కదా, నా పెనిమిటిని అక్కడ పడుకోబెడితే మీ సొమ్మేం పోతుందని అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు. ఇబ్బందిగా కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"అమ్మా, ఆ మంచం ఖాళీగా ఉండటం వల్లే మన ఆసుపత్రి రాష్ట్రంలో మొదటి స్థానంలో ఉంది. మొదటి స్థానంలో ఉన్న ఆసుపత్రిలో నీ భర్త ఉన్నాడు. అది కూడా ఒక రకమైన వైద్యమే."

మొదటి స్థానం మాట నిజమే. పూర్తిగా పచ్చగా ఉన్న తెర రాష్ట్రం మొత్తం మీద మాదొక్కటే. రోగులు లేని ఛాతీ వార్డు అంటే రోగమే లేని జిల్లా అని రాజధానిలో అర్థం చేసుకున్నారు. ఈ అద్భుతాన్ని కళ్ళారా చూడటానికి ప్రత్యేక కార్యదర్శి గారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. సెన్సర్ల పథకం ఆయన బుర్రలో పుట్టినదే.

ఆయన వస్తున్నారని హోమం రెండింతలు చేశారు. కార్యదర్శి గారు ఆఫీసర్ల బృందంతో వార్డులోకి నడిచి, నాలుగు వైపులా పచ్చగా వెలుగుతున్న బొత్తాలని చూసి సంతోషంగా ఒక దీర్ఘశ్వాస తీసుకున్నారు. అది తిరిగి బయటికి రాలేదు. చిన్నప్పటి నుంచి ఉబ్బసమట. ముఖం కందగడ్డలా అయింది, చేతులు గాల్లో దేవులాడాయి. నేనూ ఎస్తేరమ్మా ఆయన్ని పట్టుకుని దగ్గరలో ఉన్న ఏడో నంబరు మంచం మీద పడుకోబెట్టాం. వెంటనే గంట మోగింది. గుర్తుతెలియని బరువు.

"దించండి," అన్నాడు త్రివిక్రమ్ గారు. "రాజధానిలో లైవ్ చూస్తున్నారు. సారు వచ్చిన రోజే ఎర్రబడితే సారుకే మాట వస్తుంది."

ఎస్తేరమ్మ ఆక్సిజన్ గొట్టం అందుకునేలోపే అటెండర్లు ఆయన్ని మంచం మీంచి ఎత్తేశారు. తెర పచ్చబడింది. కార్యదర్శి గారు నీలంగా మారారు. చేసేది లేక వరండాలోకి మోసుకొచ్చి మాలకొండయ్య పక్కన చాప మీద పడుకోబెట్టాం. అప్పుడు సిలిండరు మాలకొండయ్య వంతు. ఇద్దరికీ ఒక్కటే సిలిండరు. ఎస్తేరమ్మ నా ముఖం చూసింది, నేను నేల చూశాను. మాలకొండయ్య తనంతట తానే మాస్కు తీసి పక్కకి జరిపాడు.

"ఆ దొరకి పెట్టండమ్మా. నాకంటే అలవాటే. ఆయనకి అలవాటుండదు గదా."

కొత్త మాస్కు తొడిగి కార్యదర్శి గారికి పెట్టాం. కాసేపటికి ఆయన తేరుకున్నారు. వేపగాలి తగిలి కళ్ళు తెరిచి, ఇంత మంచి గాలి ఎక్కడిదని అడిగారు. ఈ వరండాలోదేనని చెప్పాం. ఇక్కడ సెన్సర్లు ఎందుకు లేవని అడిగారు. వెంటనే పెట్టించమని, ముహూర్తం చూసి ఘనంగా ప్రారంభించమని త్రివిక్రమ్ గారికి పడుకునే ఆదేశించారు. పక్కనున్న మనిషి నల్లటి పెదాలతో నేల మీద చేతులు ఆనించుకుని ఉన్నాడని ఆయన గమనించలేదు. కారెక్కుతుంటే దారిలో అవసరం పడుతుందని సిలిండరు కూడా కార్లో పెట్టించారు. త్రివిక్రమ్ గారు తోడు వెళ్ళాడు. ఆయన కారు వెనకే సూపరింటెండెంటు గారు జిల్లా సరిహద్దు దాకా సాగనంపడానికి వెళ్ళారు.

చెంచమ్మ ఏడవలేదు. చాప అంచు పట్టుకుని నా వైపు చూసింది.

"కాంపౌండరయ్యా, ఇంక ఎట్టా? మడిసి పోతాండాడు."

ఎస్తేరమ్మ అప్పటికే మాలకొండయ్య కాళ్ళ వైపు పట్టుకుంది. నేను భుజాల కింద చేతులు వేశాను. ఏడో నంబరు మంచం మీద పడుకోబెట్టి, ఆక్సిజన్ తిప్పి, కిటికీలు తెరిచి, సాంబ్రాణి మీద బకెట్టు నీళ్ళు కుమ్మరించాం. సైదా సాయిబు తానే వచ్చి నిప్పుల కుంపటి బయటికి మోసుకెళ్ళాడు. సూపరింటెండెంటు గారి గదిలో గంట పిచ్చిగా మోగుతోంది, దాంతోపాటు ఫోను కూడా. వెళ్ళి ఎత్తాను. రాజధాని కంట్రోల్ రూము.

"ఏడో నంబరు మంచం మీద బరువు ఎవరిది?"

మాలకొండయ్య అంటే దించమంటారు. "ప్రత్యేక కార్యదర్శి గారిది," అన్నాను.

అవతల ఎవరో కుర్చీలోంచి లేచి నిలబడిన చప్పుడు వినపడింది. నిజంగా పడుకున్నారా అని అడిగారు. పొద్దున ఆయన వార్డులోకి రాగానే ఆ మంచం మీద బరువు పడటం మీ తెరే చూపించింది కదా అన్నాను. అదీ నిజమేనన్నారు. సారుకి పొగ పడుతుందా అని అడిగారు. పడదన్నాను. సన్నాయి పడుతుందా అన్నారు. అసలు పడదన్నాను. క్షణంలో తెర పచ్చగా మారింది. ప్రత్యేక కార్యదర్శి గారు చికిత్స పొందుతున్నంత కాలం ఆ వార్డులో గాలి, చప్పుడు, ఆ మంచం మీది బరువు ఎలా ఉన్నా సహజంగానే పరిగణించబడతాయని కింద అక్షరాలు వచ్చాయి. మాలకొండయ్య పెదాలు మెల్లగా మామూలు రంగుకి వచ్చాయి.

మర్నాడు త్రివిక్రమ్ గారు రాజధాని నుంచి ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు. సారు ఆఫీసుకి వెళ్ళి వేలిముద్ర వేస్తే, ఆ తెరకే కలిపి ఉన్న యంత్రం ఒప్పుకోలేదట. ఏడో నంబరు మంచం మీద ఉన్న వ్యక్తి ఇక్కడ వేలు పెట్టజాలడని చెప్పిందట. లిఫ్టు ఎక్కించుకోలేదట. గది తలుపు తెరుచుకోలేదట. సారు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నారట.

"సారు నా ఎదురుగానే ఉన్నారు," అన్నాడు త్రివిక్రమ్ గారు. "కానీ తెర మీద అక్కడ ఉన్నారు. నేను దేన్ని పరిగణించాలి?"

"కంటితో చూసిన సాక్ష్యం చెల్లదు గదండీ," అన్నాను.

పోనీ, సారుని డిశ్చార్జి చెయ్యమన్నాడు ఆయన. చెయ్యడానికి మాకేం అభ్యంతరం లేదు. మంచం మీది మనిషికి ఊపిరి కుదుటపడితే మంచం సెన్సరే సరేనంటుంది, అప్పుడు తలుపులన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి. అప్పటిదాకా సూపరింటెండెంటు గారు సంతకం పెట్టినా తెర ఒప్పుకోదు. సూపరింటెండెంటు గారు వచ్చి ఏడో నంబరు మంచం వైపు చూశారు. మాలకొండయ్యని చూశారు. తెర మీద కార్యదర్శి గారి పేరు చూశారు. సారు ఆరోగ్యం నిలకడగా ఉందని ప్రకటన రాయించి తన గదికి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి ప్రసంగం చదవడం మానేశారు, దగ్గు కూడా తగ్గింది.

మూడోనాటికి రాజధాని నుంచి ఇద్దరు పెద్ద డాక్టర్లు దిగారు. మా చీటీల మీద ఎన్నడూ చూడని మందులు వచ్చాయి. కొత్త పరుపు, పళ్ళ బుట్టలు, కోలుకోవాలని కోరుతూ పూలగుత్తులు. పూలు పడవని ఎస్తేరమ్మ అవన్నీ బయట పెట్టించింది. పళ్ళు చెంచమ్మ వరండా అంతా పంచింది. కార్యదర్శి గారు రోజూ పొద్దున తానే ఫోన్ చేసేవారు. ఇవాళ నాకు ఆక్సిజన్ ఎంత ఉందని అడిగేవారు. పలకల దుమ్ముతో పాడైన ఊపిరితిత్తులు పూర్తిగా బాగుపడవని పెద్ద డాక్టర్లు చెప్పిన రోజున ఆయన, ఆ కార్ఖానాల్లో దుమ్ము లేకుండా ఇంతకాలం ఎవరూ ఏమీ ఎందుకు చెయ్యలేదని కోపంగా అడిగారు. నాకూ అదే కోపం చాలా ఏళ్ళుగా ఉంది. ఆ మాటే చెప్పాను.

వరండాలో సెన్సర్లు పెట్టే ముహూర్తం దగ్గర పడింది. చాపలు ఎత్తెయ్యాలన్నారు. ఆ సాయంత్రం రోగులంతా నా మందుల గది ముందుకొచ్చి నిలబడ్డారు. వాళ్ళలో కాస్త మాట్లాడగల ముసలాయన ముందుకొచ్చాడు.

"మాక్కూడా తలో ఆఫీసర్ని చూడండయ్యా. పెద్దోళ్ళే కానక్కర్లా. చిన్నోళ్ళయినా సర్దుకుంటాం."

ఎస్తేరమ్మ తల తిప్పుకుని నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. నేను కంట్రోల్ రూముకి ఫోన్ చేశాను. ఆ రోజు హోమం పొగ పీల్చినవాళ్ళు సారు ఒక్కరే కాదని, వెంట వచ్చిన ఆఫీసర్లందరికీ ఇబ్బందిగానే ఉందని చెప్పాను. పేర్లు చెప్పమన్నారు. మంచాలు ఉన్నంత మేరకు చెప్పాను. త్రివిక్రమ్ గారి పేరుతో పన్నెండో నంబరు మంచం మీద ఆ ముసలాయన చేరాడు.

వారం తర్వాత మాలకొండయ్య దిండుకి ఆనుకుని కూర్చునేదాకా వచ్చాడు. మాస్కు కాస్త పక్కకి జరిపి, నన్ను దగ్గరికి పిలిచాడు. ఈ మంచం, ఈ పళ్ళు, ఈ డాక్టర్లు ఎక్కడినుంచి వచ్చాయో అతనికి ఎవరూ చెప్పలేదు. అతను అడిగింది అది కాదు.

"కాంపౌండరయ్యా, ఆ పొద్దు నా పక్కన పడుకోబెట్టారే, ఆ దొర. పాపం, ఆయనకి ఇప్పుడు గాలి ఆడతాందా?"

మాస్కు మళ్ళీ సరిగా పెట్టి, పట్టీ బిగించాను.

"నీకు ఆడితే ఆయనకీ ఆడుతుంది. నువ్వు మాట్లాడకుండా పీల్చు."

మాలకొండయ్య సరేనని తలూపి, కళ్ళు మూసుకుని, ఆ దొర కోసం మరి కాస్త గట్టిగా పీల్చాడు.